ఫ్లెక్సీ చౌక, మన ప్రాణం ఇంకా చౌక

ఏప్రిల్ నెల దగ్గరపడుతుంటే చాలు, ఒక రకం పెద్దమనుషులకి పర్యావరణం గుర్తొస్తుంది. "జయంతుల పేరుతో ఊరంతా ఫ్లెక్సీలు కట్టి గాలీ నేలా పాడు చేస్తున్నారు" అంటారు. ఏ జయంతో పేరు చెప్పరు. చెప్పకపోయినా వినేవాళ్లకి తెలుసు. వినాయక చవితికి పందిరి పందిరికీ ఫ్లెక్సీలే. ఎమ్మెల్యే పుట్టినరోజంటే బైపాసు పొడుగునా ఫ్లెక్సీలే. హీరో సినిమా వస్తే పాలాభిషేకం కూడా ఫ్లెక్సీకే. అప్పుడెక్కడో నిద్రపోయిన పర్యావరణ ప్రేమ సెంటర్లో బాబాసాహెబ్ ఫ్లెక్సీ లేవగానే లేచి కూర్చుంటుంది. దీన్ని పర్యావరణ ప్రేమ అనలేం. బొమ్మ మీద కోపాన్ని గుడ్డ మీద చూపించడం ఇది. ఆ కోపం ముదిరితే ఏమవుతుందో కూడా మనకి తెలుసు. తెల్లారేసరికి ఫ్లెక్సీ చిరిగి ఉంటుంది. ఎవరు చించారని అడగబోయిన పిల్లోళ్ల మీదే కేసు పడుతుంది.

కాబట్టి ఆ పెద్దమనుషులకి మేము సంజాయిషీ ఇవ్వబోవడం లేదు. అయితే, ఫిర్యాదు చేసేవాడి బుద్ధి వంకరైనంత మాత్రాన ఫ్లెక్సీ శుభ్రమైపోదు. ఈ సంచికలో మనలో మనం మాట్లాడుకోవాల్సింది ఆ సంగతే. ఈ గుడ్డలాంటి, గుడ్డ కాని వస్తువు ఎక్కడ పుడుతుంది, ఎవరి పక్కన పుడుతుంది, చివరికి ఎవరి దిబ్బ మీద కాలుతుంది? మూడు ప్రశ్నలకీ జవాబు చూస్తే ప్రతి చోటా మనలాంటోళ్లే కనపడుతున్నారు.

ఫ్లెక్సీ అంటే లోపల పాలిస్టర్ దారాల వల, దానికి రెండు పక్కలా పీవీసీ పొర. పీవీసీ అంటే పాలీ వినైల్ క్లోరైడ్. వ్యాపారస్తులు కురచగా వినైల్ అంటారు. బస్సు సీటుకి కుట్టే రెగ్జిన్, ఇంట్లో పరిచే పూలపూల ప్లాస్టిక్ షీటు, కరెంటు తీగ మీది తొడుగు, బోరు పైపు, ఆస్పత్రిలో నెత్తురు సంచి, మన తాతల కాలం పాటల ప్లేటు, ఇవన్నీ ఒకే తల్లి పిల్లలు. దీని బరువులో 57 శాతం క్లోరిన్. ఆ క్లోరిన్ ఉప్పులోంచి తీస్తారు. మిగతాది చమురు నుంచో గ్యాసు నుంచో వస్తుంది. "సగానికి పైగా ఉప్పే, తక్కిన ప్లాస్టిక్కులకంటే మాది చమురు తక్కువ తాగుతుంది, కాబట్టి ఇదే పర్యావరణానికి మంచిది" అని కంపెనీలు చెప్పుకుంటాయి. లెక్క వరకు అది నిజమే. కానీ ఆ క్లోరినే కదా అసలు పేచీ. పాలిథిన్ కవరు కాలిస్తే పొగ వస్తుంది, అదీ మంచిది కాదు. పీవీసీ కాలిస్తే గొంతు కోసే ఆమ్లపు పొగా, దాంతోపాటు డయాక్సిన్లూ వస్తాయి. మనిషి చేసిన విషాల్లో డయాక్సిన్లది మొదటి వరస. ఇవి నీళ్లలో కడిగితే పోవు. గడ్డి మీద పడి బర్రెలోకి, బర్రె నుంచి పాలలోకి, కోడి నుంచి గుడ్డులోకి ఎక్కి, మనిషి కొవ్వులో ఏళ్ల తరబడి కూర్చుంటాయి. తల్లి పాలలో దిగుతాయి.

ఇంకో సంగతి. పీవీసీ దానంతటది కర్రలాగా బిగుసుకుని ఉంటుంది. చుట్టచుట్టడానికి వీలుగా మెత్తబడాలంటే అందులో థాలేట్లనే నూనెలాంటి రసాయనాలు కలపాలి. మెత్తటి వినైల్‌లో బరువుకి మూడో వంతు దాకా కూడా ఇవే ఉండొచ్చు. అవి ప్లాస్టిక్‌కి గట్టిగా అతుక్కుని ఉండవు. ఎండకీ వేడికీ మెల్లగా బయటికి వస్తూనే ఉంటాయి. కొత్త రెగ్జిన్ వాసన అంటామే, అందులో వీటి పాలు కూడా ఉంటుంది. వీటిలో కొన్ని పిల్లల ఎదుగుదలనీ, పునరుత్పత్తినీ దెబ్బతీస్తాయని తేలాక యూరప్ దేశాలు 2005లోనే పిల్లల బొమ్మల్లో వాటిని వాడొద్దన్నాయి. ఎండకి పాడుకాకుండా సీసం కలపడం ఇంకో ముచ్చట. మన దేశంలో పీవీసీ పైపుల్లోంచి సీసం తీసేయాలని నిబంధన వచ్చింది 2021లో. అప్పటిదాకా మంచినీళ్ల పైపులో సీసం పోసుకుంటూ వచ్చారన్నమాట.

ఇప్పుడు ఇది పుట్టే చోటుకి పోదాం. వినైల్ క్లోరైడ్ మామూలుగా వాయువు. దాన్ని గొలుసులాగా కూరిస్తే పీవీసీ అవుతుంది. అమెరికాలో కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో గుడ్రిచ్ కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. అందులో పెద్ద పెద్ద డ్రమ్ముల్లోకి దిగి గోడలకి అంటుకున్న పీవీసీ గీకే పని కార్మికులది. లోకంలో బహు అరుదుగా వచ్చే ఒక లివరు క్యాన్సరు ఆ ఒక్క ఫ్యాక్టరీ కార్మికులకి వరసగా రావడం కంపెనీ డాక్టరే పసిగట్టాడు. 1974 జనవరిలో ముగ్గురి చావుల సంగతి బయటపెట్టక తప్పలేదు. అప్పటిదాకా ఫ్యాక్టరీ గాలిలో పది లక్షల పాళ్లకి 500 పాళ్ల వినైల్ క్లోరైడ్ ఉన్నా పర్లేదన్న ప్రభుత్వం, ఒక్క పాలు మించకూడదని చట్టం తెచ్చింది. ఆ మాట వినగానే కంపెనీలు గుండెలు బాదుకున్నాయి. ఫ్యాక్టరీలు మూతపడతాయి, లక్షల ఉద్యోగాలు పోతాయి అన్నాయి. ఏమీ మూతపడలేదు. మిషన్లు మార్చుకున్నారు, వ్యాపారం పెంచుకున్నారు. అంటే కార్మికుడు చావకుండా కూడా పీవీసీ చేయొచ్చని వాళ్లకి ముందే చేతనవును. చట్టం వీపున చరిచిందాకా ఆ పని చేయలేదు, అంతే.

ఫ్యాక్టరీ లోపలి సంగతి అది. గోడ బయట ఎవరున్నారు? లూయిజియానా రాష్ట్రంలో రెవెయ్ టౌన్ అని ఒక పల్లె ఉండేది. బానిసత్వం నుంచి విడుదలైన నల్లవాళ్లు కట్టుకున్న పల్లె అది. దాని పక్కన వినైల్ క్లోరైడ్ ఫ్యాక్టరీ లేచింది. జనం కోర్టుకెక్కితే 1980ల చివర్లో కంపెనీ ఇళ్లు కొనేసి మనుషుల్ని ఖాళీ చేయించింది. ఊరే లేకుండా పోయింది. అదే రాష్ట్రంలో మోస్‌విల్ ఇంకొకటి. అదీ విముక్త బానిసల ఊరే. చుట్టూ వినైల్ ఫ్యాక్టరీలు, చమురు శుద్ధి కర్మాగారాలు. 1990ల చివర్లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థే కొందరి రక్తం తీసి చూస్తే డయాక్సిన్ దేశ సగటుకంటే బాగా ఎక్కువ తేలింది. అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్ 2010లో వాళ్ల ఫిర్యాదుని విచారణకి తీసుకుంది. ఈలోగా ఇంకో రసాయన కంపెనీ తన విస్తరణ కోసం మిగిలిన ఇళ్లు కొనడం మొదలుపెట్టింది. ఇళ్లు కొన్నారు కాబట్టి న్యాయం చేశామంటారు. శ్మశానంలో పడుకున్న తాత ముత్తాతల్ని ఏ రేటుకి కొంటారో మరి.

నల్లవాళ్ల పల్లె అని కంపెనీ పని గట్టుకుని వచ్చిందా అని కొందరు తెలివైన ప్రశ్న వేస్తారు. పని గట్టుకోనక్కర్లేదు. భూమి ఎక్కడ చౌకో, ఓటు ఎక్కడ చౌకో, కోర్టుకి పోయే డబ్బు ఎవరి దగ్గర ఉండదో చూస్తే చాలు. మన దగ్గర చెత్త దిబ్బ, గొడ్డు చచ్చిన స్థలం, మురుక్కాలవ చివర, శ్మశానం, ఇవన్నీ పల్లె పక్కకే ఎందుకొచ్చాయి? పంచాయతీ తీర్మానంలో "మాదిగపల్లె పక్కన వేయుడు" అని ఎవడైనా రాశాడా? రాయక్కర్లేకుండానే జరిగే పనిని కులం అంటారు.

2023 ఫిబ్రవరి 3న అమెరికాలోనే ఒహాయో రాష్ట్రం ఈస్ట్ పాలస్తీన్ దగ్గర గూడ్సు రైలు పట్టాలు తప్పింది. అందులో ఐదు ట్యాంకర్ల నిండా వినైల్ క్లోరైడ్. పేలుతుందన్న భయంతో మూడు రోజులకి దాన్ని కావాలనే కాల్చేశారు. ఊరి మీద నల్లటి మేఘం లేచింది. అలా కాల్చాల్సిన అవసరమే లేదని 2024లో దర్యాప్తు సంస్థ తేల్చింది. ఆ ఊరు ఎక్కువ మంది తెల్ల కూలీల ఊరు. ఆ మేఘాన్ని లోకమంతా టీవీలో చూసింది, చూడాల్సిందే. మోస్‌విల్ గాలిని ఇన్నేళ్లు ఎంతమంది చూశారు?

ఇవన్నీ దూరదేశపు సంగతులనుకోవద్దు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లేచి నిద్రలో ఉన్న జనం మీద పడింది. 12 మంది పోయారు. అది వేరే ప్లాస్టిక్ ముడిసరుకు, పీవీసీ కాదు. కానీ రసాయన శాస్త్రంలో స్టైరీన్‌కి ఇంకో పేరు వినైల్ బెంజీన్. వినైల్ అనే ముక్క ఇద్దరికీ ఉమ్మడి ఇంటిపేరు. గోడకి ఇవతల ఎవరి ఇళ్లుంటాయన్న సంగతి కూడా ఉమ్మడే. మన దేశం వాడే పీవీసీలో సగానికి పైగా బయటి దేశాల నుంచే దిగుతోంది. ఇక్కడే ఇంకా ఫ్యాక్టరీలు పెట్టాలని పెద్ద పెద్ద సేట్లు తొందరపడుతున్నారు. తమిళనాడులో కడలూరు, మెట్టూరు జనం ఇప్పటికే ఆ పక్కింటి కాపురం రుచి చూస్తున్నారు. రేపు మన తీరం మీద ఎక్కడ దిగుతుందో, అక్కడున్నది ఎవరి పల్లో, ఇప్పటినుంచే కనిపెట్టి ఉండాలి.

ఇక చివరి మజిలీ. జయంతి అయిపోయింది. ఎన్నికలు అయిపోయినయి. ఫ్లెక్సీ ఎటు పోతుంది? వల పాలిస్టరు, పొర పీవీసీ, రెండూ అతుక్కుపోయి ఉంటాయి. వాటిని విడదీసి మళ్లీ కరిగించడం లాభసాటి కాదు కాబట్టి పాత సామాను కొట్టువాడు కూడా తీసుకోడు. పాత ఇనుముకి కిలో లెక్క ఉంది, అట్టపెట్టెకి ఉంది, సారా సీసాకి ఉంది, ఫ్లెక్సీకి లేదు. అందుకని అది పల్లెకి వస్తుంది. పాకకి కప్పుగా, స్నానాల దడిగా, కళ్లంలో వడ్ల కింద పట్టాగా. నాయకుడి మొహం తలకిందులుగా మన పాక మీద ఎండకి ఎండుతుంది. ఓట్లప్పుడు ఆయన పల్లెకి వస్తే తన నవ్వు తనే చూసుకోవచ్చు. పిల్లల్ని పాత ఫ్లెక్సీల మీద కూర్చోబెట్టే బడులు కూడా చూశాం. మే నెలలో ఆ కప్పు కింద పడుకున్న పసిబిడ్డ పీల్చేది ఏమిటో ఎవరూ కొలవరు. తాటాకు కప్పుకి డబ్బుల్లేక కదా ఫ్లెక్సీ కప్పుకున్నది, వాళ్లని మేము తప్పు పట్టం. రెండేళ్లకి అది కూడా పెళుసెక్కి చిల్లులు పడుతుంది. అప్పుడు దిబ్బ మీదికి. దిబ్బ మీద నిప్పు.

ఆ నిప్పు పెట్టేదెవరు? మునిసిపాలిటీ చీపురు పట్టేది మాదిగలు, మాలలు, ఉత్తరాంధ్రలో రెల్లివాళ్లు. పొద్దున్నే ఊడ్చి పోగేసిన చెత్తని డంపింగ్ యార్డుకి ఎత్తడానికి ట్రాక్టరు రాకపోతే, పైవాడు "తగలబెట్టెయ్" అంటాడు. తగలబెట్టినందుకు పొగ మనోళ్ల ఊపిరితిత్తుల్లోకి. ఫోటో పేపర్లో పడితే మెమో కూడా మనోళ్లకే. మంట చల్లారాక బూడిదలో రాగి తీగ దొరుకుతుందేమోనని వెతికేది కూడా పల్లె ఆడపిల్లలే. కరెంటు తీగ మీద తొడుగూ పీవీసీయే అని చెప్పాం కదా. దాన్ని కాల్చి రాగి అమ్ముకుంటే ఆ పూట కూరకి వస్తాయి.

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. 2016 డిసెంబరు 22న జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చడాన్ని దేశమంతటా నిషేధించింది. మామూలుగా కాలిస్తే ఐదు వేలు, పెద్ద ఎత్తున కాలిస్తే ఇరవై ఐదు వేలు జరిమానా. అదే తీర్పులో, కొద్ది రోజులే వాడి పారేసే పీవీసీని నిషేధించే సంగతి ఆరు నెలల్లో తేల్చమని కేంద్రానికీ రాష్ట్రాలకీ చెప్పింది. ఆరు నెలలు ఎప్పుడో దాటిపోయాయి. 2021లో కేంద్రం నిబంధన చేసి 2022 జూలై 1 నుంచి వంద మైక్రాన్ల కంటే పలచటి పీవీసీ బ్యానర్లని నిషేధించింది. చూడండి తమాషా. మామూలు ఫ్లెక్సీ అంతకంటే మందంగానే ఉంటుంది. దొంగని పట్టుకోవడానికి వల వేసి, వల కంతల్ని దొంగ కొలతకే అల్లినట్టుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు 26న విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి ఫ్లెక్సీలు బంద్ అని ప్రకటించారు. నవంబరు నుంచి అన్నారు, తర్వాత 2023 జనవరి 26 అన్నారు. ఈరోజు ఏ సెంటర్లోనైనా నిలబడి తలెత్తి చూడండి, బంద్ అయిందో లేదో.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆస్పత్రి చెత్తలో క్లోరిన్ ప్లాస్టిక్ సంచులు, గ్లౌజులు ఉండకూడదని 2016 నిబంధనల్లోనే రాసుకున్నారు. ఎందుకంటే ఆ చెత్త కాల్చాలి, కాలిస్తే డయాక్సిన్ వస్తుంది. అంత తెలిసినవాళ్లే కదా! ఆస్పత్రి కొలిమిలో విషమైనది మన దిబ్బ మీద మంచి గాలవుతుందా? చెత్త నుంచి కరెంటు తీస్తామని ఇప్పుడు కొత్త పాట. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో 2020 నుంచి అటువంటి ప్లాంటు నడుస్తోంది. అలాంటి కొలిమిలోకి పీవీసీ వెళితే లోపల గొట్టాలూ తినేస్తుంది, పొగలో విషమూ పెరుగుతుంది. కాబట్టి ముందే ఏరాలి. మన దేశంలో చెత్త ఏరే పని ఎవరి కులవృత్తిగా పెట్టారో మళ్లీ చెప్పక్కర్లేదు.

పర్యావరణం మన ఉద్యమానికి కొత్త సంగతి అనుకునే మిత్రులున్నారు. భూమి, కూలి, రిజర్వేషన్, వర్గీకరణ, ఇన్ని ఉండగా ఇప్పుడు ప్లాస్టిక్ గొడవెందుకని వాళ్ల ప్రశ్న. వాళ్లని ఒక్కసారి 1985 జూలైకి తీసుకుపోతాం. కారంచేడులో నిప్పు ఎక్కడ రాజుకుంది? మాదిగపల్లె మంచినీళ్ల చెరువు కాడ. తాగే నీళ్లలో గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే, ఇదేంటయ్యా అని అడిగినందుకు. నీళ్లకి వచ్చిన మున్నంగి సువార్త మీద చెయ్యెత్తితే ఆమె బిందె ఎత్తి అడ్డం పెట్టినందుకు. మర్నాడు ఆరుగురిని నరికి చంపారు. ఆంధ్రదేశంలో దళిత ఉద్యమం లేచి నిలబడింది తాగే నీళ్లని పాడు చేయొద్దన్న మాట మీద. అంతకు ముందు 1927లో మహాడ్ చవదార్ చెరువు నీళ్లు బాబాసాహెబ్ దోసిట పట్టి తాగితే, సవర్ణులు ఆ చెరువుని ఆవు పేడతో, పంచితంతో శుద్ధి చేసుకున్నారు. మన చెయ్యి తగిలితే మైల. వాళ్ల కుడితి పడితే మైల కాదు, వాళ్ల ఫ్యాక్టరీ నీళ్లు పడితే మైల కాదు, వాళ్ల ఫ్లెక్సీ పొగ మన పొయ్యి మీద పడితే మైల కాదు. అంటు అనే మాటకి నిజమైన అర్థం ఎక్కడైనా ఉంటే ఆ డయాక్సిన్‌లో ఉంది. అది నిజంగానే అంటుకుంటుంది, తరాన్నుంచి తరానికి పోతుంది.

అయితే మన కుర్రవాళ్లు ఫ్లెక్సీని ఎందుకు ప్రేమిస్తున్నారో తెలుసుకోకుండా "కట్టొద్దు" అని ఉపన్యాసం ఇచ్చేవాడు ఉద్యమం చేయలేడు. చదరపు అడుక్కి పది పదిహేను రూపాయలు. ఆరడుగులు నాలుగడుగులు వేయిస్తే రెండు రోజుల కూలి కూడా కాదు. ఆ డబ్బుతో పల్లె కుర్రాడు బాబాసాహెబ్ పక్కన తన ఫోటో, తన పేరు, ఊరి సెంటర్లో నిలబెట్టుకుంటున్నాడు. ఏ వీధిలో వాళ్ల తాత చెప్పులు చేతపట్టుకుని నడిచాడో ఆ వీధి మొగదల! ఆ కుర్రాడి మొహం ఆ ఎత్తున కనపడటం ఊరిపెద్దకి ఎంత మంటో మనకి తెలుసు. ఆ మంట ఉన్నంతకాలం ఆ మొహం అక్కడ ఉండాల్సిందే. మా పేచీ మొహంతో లేదు. ఆ మొహాన్ని అచ్చేసిన సరుకు మూడు రోజులకి అదే కుర్రాడి చెల్లెలి ఊపిరి తీయడానికి వస్తోంది, దానితో మా పేచీ.

ఇదే సరుకు గురించి ఇంకో పక్క నుంచి కూడా ఆలోచించాలి. పట్నంలో ఇప్పుడు "వీగన్ లెదర్" అని అమ్ముతున్నారు. జంతువుని చంపని తోలట, పర్యావరణానికి మంచిదట. చాలా చోట్ల అది రెగ్జినే, పాలీయురథేనో వినైలో పూసిన గుడ్డ. పేరు మార్చి రేటు పెంచారు. మాదిగవాడు చచ్చిన గొడ్డు తోలు వలిచి, లందలో సున్నం పెట్టి, తంగేడు చెక్కతో ఊనితే అది నీచం. చమురులోంచి, క్లోరిన్‌లోంచి తోలు రంగు పొర తీస్తే అది పుణ్యం. కపిల బాన పోయి పైపొచ్చింది, కుట్టిన చెప్పు పోయి పోత పోసిన చెప్పొచ్చింది, డప్పు మీద తోలు పోయి ప్లాస్టిక్ పొరొచ్చింది. లంద పోయినందుకు మేము ఏడవడం లేదు. అందులో వెట్టి ఉంది, వాసనతో పాటు వెలి ఉంది. ఇవాళ్టి క్రోమియం తోలు పరిశ్రమ కూడా పవిత్రమేమీ కాదు. ఆ క్రోమియం నీళ్లు పాలారు నదిని ఏం చేశాయో రాణిపేట, వాణియంబాడి జనాన్ని అడగండి. మేము అడిగేది ఒక్కటే. తంగేడు చెక్కతో తోలు ఊనే చదువు మాదిగ బుర్రలో ఉండె. దానికి ఒక పరిశోధనశాల, ఒక పెట్టుబడి, ఒక గౌరవం ఎందుకు దొరకలేదు? విషం పూసిన గుడ్డకి "ప్రకృతి ప్రేమ" అని బిళ్ల తగిలించుకునే హక్కు ఎవరిచ్చారు?

అట్లని వినైల్ మొత్తాన్నీ ఊళ్లోంచి తరిమేయమని మేము అనడం లేదు. ఒకచోట పీవీసీ పైపు పల్లెకి నీళ్లు తెచ్చింది. ఊరి బావి కాడ దూరంగా నిలబడి ఎవరో పోస్తే పట్టుకునే రోజులు పోవడంలో ఆ పైపుకి కూడా చిన్న పాత్ర ఉంది. సరిగ్గా పాతితే యాభై ఏళ్లు ఉంటుంది. నెత్తురు సంచి సంగతి చూడండి, 2016లో వద్దన్న ప్రభుత్వమే తగిన బదులు దొరక్క 2018లో దానికి మినహాయింపు ఇచ్చింది. ప్రసవానికి పోయిన మన ఆడబిడ్డకి నెత్తురెక్కే సంచి అది. యాభై ఏళ్ల పైపునీ, ప్రాణం నిలిపే సంచినీ, మూడు రోజుల శుభాకాంక్షల గుడ్డనీ ఒకే గాటన కట్టేవాళ్లు సమస్య తేలకూడదని కోరుకునేవాళ్లు. ముందు పోవాల్సింది ఆ మూడు రోజుల సరుకు. హరిత ట్రిబ్యునల్ చెప్పింది కూడా అదే కదా.

మరి బదులేమిటి? ఫ్లెక్సీ మిషన్లు రాకముందు ప్రతి మండలంలో నలుగురు పెయింటర్లు ఉండేవాళ్లు. వాళ్లలో మనోళ్లు చాలామంది. కళాశాలలో నేర్చుకున్నవాళ్లు కాదు. గోడ మీద నినాదం రాస్తూ రాస్తూ చెయ్యి తిరిగినవాళ్లు. సున్నం కొట్టిన గోడ మీద నీలిమందుతో "జై భీమ్" అని నిలువెత్తు అక్షరాలు దించితే ఐదు వానాకాలాలు ఆగేది. బాబాసాహెబ్ కళ్లజోడు ఒక్కొక్కరు ఒక్కో రకంగా వేసేవాళ్లు, కొన్నిటికి నవ్వొచ్చేది కూడా. ఈరోజు నెట్‌లో దింపిన ఒకే బొమ్మ శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా. ఆ పెయింటర్లలో చాలామంది రంగు డబ్బా కట్టేసి ఇళ్లకి సున్నాలు కొడుతున్నారు, ఆటో తోలుతున్నారు.

గుడ్డ బ్యానరు రాయించాలంటే కూలితో కలిపి ఫ్లెక్సీ కంటే రెండు మూడింతలు అవుతుంది, దాచేదేమీ లేదు. పత్తి చేలో పురుగుమందు లేదా అని అడుగుతారు. ఉంది. ఆ మందు కొట్టేదీ మన కూలీలే, ఆ పోరు వేరేగా నడుస్తోంది. కానీ గుడ్డని ఉతుకుతారు, మడిచి దాస్తారు, వచ్చే ఏడు మళ్లీ కడతారు. చినిగితే మసిగుడ్డ అవుతుంది. ఏ దశలోనూ అది డయాక్సిన్ కాదు. పల్లెకి పది చిన్న ఫ్లెక్సీల బదులు సంఘం పేరున ఒక పెద్ద గుడ్డ, దాని మీద పదిమంది పేర్లూ, ఒక గోడ మీద బొమ్మా రాయిస్తే ఖర్చు లెక్క కూడా సరిపోతుంది. ఫోటో కావాల్సిందేనన్న కుర్రాళ్లకి గుడ్డ మీద అచ్చేసే మిషన్లూ ఉన్నాయి.

ఫ్లెక్సీ షాపువాళ్ల సంగతి మర్చిపోవద్దు. అప్పు చేసి మిషను పెట్టుకున్న కుర్రవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. నిషేధం అని ఒక రాత్రి జీవో ఇచ్చి వాళ్లని రోడ్డున పడేయడం అన్యాయం. గుడ్డ మిషనుకి మారడానికి ఎస్సీ కార్పొరేషన్, బీసీ కార్పొరేషన్ సబ్సిడీ ఇవ్వాలి. ప్రభుత్వ పథకాల ప్రచారం అంతా ముందు గుడ్డకి మార్చాలి. రాష్ట్రంలో అతి పెద్ద ఫ్లెక్సీ గిరాకీ ఎవరో అందరికీ తెలుసు, మంత్రులూ ఎమ్మెల్యేలే. కట్టినవాడే విప్పి మునిసిపాలిటీకి అప్పజెప్పాలి. అప్పజెప్పేదాకా డిపాజిట్ వాళ్ల దగ్గరే పట్టి ఉంచాలి. పారిశుధ్య కార్మికుల్ని చెత్త తగలబెట్టమన్న అధికారికి ఆ ఇరవై ఐదు వేల జరిమానా జీతంలోంచి కోయాలి. ఈ నాలుగు డిమాండ్లతో అర్జీ తయారుచేశాం. మండల కేంద్రాల్లో సంఘాలవాళ్లు జయంతికి ముందే కమిషనర్లకీ ఎంపీడీవోలకీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. రసీదు లేని అర్జీ చెత్తబుట్టలోకి పోతుంది, అక్కడినుంచి ఎటు పోతుందో పైన రాశాం.

ఈ ఏప్రిల్ 14కి మా పత్రిక తరఫున ఎక్కడా ఫ్లెక్సీ ఉండదు. గోడ రాతకి ఒప్పుకున్న పల్లెలు గోడ కొలత, ఊరి పేరు రాసి పంపండి. పని మానేసిన పెయింటర్లు ఎవరున్నా, ముసలివాళ్లైనా సరే, పేరూ ఊరూ చెప్పి పంపండి. ఏ ఊరికి ఎవరు దగ్గరో చూసి వచ్చే సంచికలో వేస్తాం. రంగు ఖర్చు సంఘానిది, కూలి అణా పైసలతో సహా ఆ రోజే ఇచ్చేయాలి. జయంతి కదా అని ఉచితంగా వేయమని మాత్రం ఎవరూ అడగొద్దు.